మార్చుకోగలిగినది మనది కాదా?

నల్లజాతి స్త్రీల సాహిత్యంపై పరిశోధన చేశాను గానీ, వాళ్ల జుట్టు సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. స్ప్రింగులా చుట్టుకునే ఆ వెంట్రుకల చివరిదాకా మాడులో ఊరే నూనె దిగదు. అందుకే త్వరగా ఎండి విరుగుతాయి. తడిపి, నూనె రాసి, రెండేసి పాయలు మెలితిప్పి కొన్నాళ్లు వదిలేస్తే తేమ నిలుస్తుంది, రోజూ దువ్వెన రాపిడి ఉండదు. మరీ బిగిస్తే మాత్రం నుదుటి అంచున ఊడిపోతుంది. (మా అమ్మ వేసిన రెండు జడలు గుర్తొచ్చి కణతలు లాగాయి.)

ఇంత ఓపికైన సంరక్షణ కొందరి కళ్లకు అశుభ్రతగా ఎలా కనిపిస్తుంది? 2010లో అలబామాలో ఒక నల్లజాతి యువతి తన డ్రెడ్‌లాక్స్ కత్తిరించుకోనన్నందుకు, ఇస్తామన్న ఉద్యోగం ఇవ్వలేదు. పుట్టుకతో వచ్చి మార్చుకోలేని లక్షణాలకే చట్టం రక్షణ, జుట్టు తీరును మార్చుకోవచ్చు కదా అని 2016లో అప్పీలు కోర్టు తేల్చింది. 2019లో కాలిఫోర్నియా చట్టం జడలనూ, లాక్స్‌నూ, ఈ మెలికలనూ పేరుపెట్టి మరీ జాతి లక్షణాల్లో చేర్చింది.

నాకు మాత్రం కోర్టు మాటే మనసులోంచి పోవడం లేదు. మార్చుకోవచ్చు, నిజమే. ఎవరికోసం? మతమూ మార్చుకోవచ్చు, ఇంటిపేరూ మార్చుకోవచ్చు. నా అనుభవం ఆమెదానితో సరితూగదు. అయినా మొదటి లెక్చరర్ ఇంటర్వ్యూకి ముందురోజు, ఎవరూ అడగకుండానే, నా ఉంగరాల జుట్టు సాపు చేయించుకున్నాను. ఉద్యోగం వచ్చింది. ఫిర్యాదు చేయడానికేమీ లేదు.