కారిన కప్పు ఎవరిది?



వానలు పట్టగానే మన రామాయంపేటలోని పాత గూనపెంకుల యిండ్లు తమ లోపములను తామే బయటపెట్టుకొనును. ఇంటి యజమానులకును కిరాయిదారులకును మాటలు పెరుగునదియు అప్పుడే. అట్టి తగవొకటి మన సంఘములోని రెండు కుటుంబముల మధ్య పుట్టి మాయొద్దకు వచ్చెను. యజమాని వానలకు ముందు పెంకులు సర్దుటకు ఒక మనిషిని పంపెను. మొదటి పెద్ద వానకే కప్పు కారి, కిరాయిదారు భార్య బీడీలు చేయుటకు తెచ్చుకొన్న ఆకును, ఒక బియ్యపు సంచియు తడిసిపోయెను. "మీరు పంపిన మనిషే పెంకులు తొక్కి పగులగొట్టినాడు" అని వారు. "మీ పిల్లలే బంతి కొరకు ఎక్కినారు" అని ఆయన. రెండు నెలల కిరాయి నిలిచిపోయెను. ఇరువురును ప్రభువు బల్లకు రాక, ప్రసంగము కాగానే లేచిపోవుచుండిరి. మమ్మును ఎక్కువగా బాధించినది ఇదియే.

నిర్గమకాండము 22వ అధ్యాయము 14, 15 వచనములను చూడుడి. ఎరవు తెచ్చుకొన్న పశువు యజమాని దగ్గర లేనప్పుడు చచ్చినను దెబ్బతినినను, తెచ్చుకొన్నవాడే నష్టము అచ్చుకొనవలెను. కిరాయికి తెచ్చినదైతే ఆ నష్టము కిరాయిలోనే పోవును. ఈ భేదమేల? ఎరవిచ్చినవాడు ఏమియు పుచ్చుకొనలేదు. కిరాయి తీసికొనువాడో, అరుగుదలకు వెల ముందే తీసికొనుచున్నాడు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షను కూడ, వేరు ఒడంబడిక లేనియెడల, ఇంచుమించు ఈ త్రోవనే నడచుచున్నది. వాడుకవలన సహజముగా కలుగు అరుగుదల కిరాయిదారు తప్పు కాదు. అతని చేతలవలన కలిగిన చెరుపును మాత్రము, తెలియజేసిన మూడు నెలలలో అతడే బాగుచేయవలెను. యజమాని చేయవలసిన మరమ్మతు చెప్పిన తరువాతను చేయనియెడల, కిరాయిదారు తానే చేయించుకొని ఆ ఖర్చును కిరాయిలో పట్టుకొనవచ్చును. అయితే ముందు చెప్పవలెను. చెప్పకుండ కిరాయి బిగబట్టుటకు ఆ చట్టములో చోటు లేదు.

న్యాయము తెలిసినను, ఏమి జరిగినదో తెలియవలెను గదా! లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడకు పొడ పుట్టిన సంగతి యున్నది. ఇంటివాడు తనకు పొడవలె కనబడుచున్నదని మాత్రమే యాజకునితో చెప్పును. తీర్పు అతనిది కాదు. యాజకుడు లోపలికి పోకముందే, సామాను అపవిత్రము కాకుండునట్లు దానిని బయట పెట్టించును. చూచి, ఏడు దినములు ఇంటిని మూసి, మరల వచ్చి చూచును. పొడ వ్యాపించినయెడల ఆ రాళ్లను మాత్రము ఊడదీయించును. అప్పటికిని మరల పుట్టినప్పుడే ఇల్లు పడగొట్టుట. మన తగవులలో మొదటి దినముననే ఇల్లు పడగొట్టుచున్నాము.

కాబట్టి సంఘ పెద్ద యొకరిని వెంటబెట్టుకొని నిచ్చెన వేయించితిమి. కొప్పు వెంబడి, మనిషి అడుగులు పడిన చోటనే, వరుసగా పెంకులు పగిలియున్నవి. వాకిటి వైపున రెండు పెంకులు వేరుగా పగిలియున్నవి, అవి బంతివే. ఆ యింటి తల్లి కొంతసేపు ఊరకుండి, "సోమవారమే చుక్కలు పడ్డవి పాస్టరయ్యా. కిరాయి పెంచిండన్న కోపముతో చెప్పలేదు" అనెను. పెద్ద వాన వచ్చినది గురువారము.

మేము సంఘపు ఇంటిలో కాపురముండువారము. ఎప్పుడు కారినను పెద్దలకు కబురు పంపితిమేగాని ఒక్క పెంకుకైన మా డబ్బు పెట్టలేదు. ఇట్టివారము ఇతరుల మరమ్మతుకు తీర్పు చెప్పుట ఎంత సులభమో నిచ్చెన దిగుచు తలంచుకొంటిమి.

యజమాని కొప్పు పెంకులకును, కూలికిని, తడిసిన ఆకులో సగమునకును డబ్బిచ్చెను. రెండు పెంకులును, మిగిలిన సగమును కిరాయిదారు భరించెను. నిలిచిన కిరాయి రెండు విడతలుగా ముట్టెను. బియ్యమును ఎండబెట్టుకొని వారే తినిరి. దానిని గూర్చి ఎవరును అడుగలేదు. అడుగవలసినదని ఇప్పుడు మాకు తోచుచున్నది. ఆ తరువాతి సంస్కారపు ఆదివారమున ఇరువురును బల్లకు వచ్చిరి, ఒకరి ప్రక్కన ఒకరు కాదు గాని, ఒకే వరుసలో.