అడుగు వరస

గడ్డిఅన్నారంలో ఒక పెద్దాయన ఉండేవాడు. పండ్ల మార్కెట్లో కమీషన్ వ్యాపారం. మామిడి పెట్టె ముందుకొస్తే పై వరస వైపు చూడనైనా చూడకుండా, చెయ్యి అడుగుకంటా దూర్చి ఒక కాయ బయటికి తీసి, అప్పుడు బేరం మొదలుపెట్టేవాడు. మార్కెట్ బాటసింగారానికి తరలిపోయాక వ్యాపారం కొడుక్కి అప్పజెప్పి ఇంటిపట్టున కూర్చున్నాడు.

ఇంటావిడకు మోకాళ్లు అరిగాయి. మేడమీది గదికి ఎక్కలేకపోతోంది. కింద, ఇంటి పక్క ఖాళీ జాగాలో ఆమెకో గది, గదికి ఆనుకుని బాత్రూమ్ కట్టిద్దామనుకున్నాడు. ముందుగా చేసిన పని, షోరూములన్నీ తిరిగి టైల్స్ ఎంచుకోవడం. రెండో పని, వెనక మూలన బాత్రూమ్‌కి సున్నంతో గీత గీయడం. గేటు పక్కన పెడితే వచ్చేపోయేవాళ్లు ఏమనుకుంటారని ఆయన బెంగ. ఇల్లు పడమటి ముఖం, గేటు వైపు మూల వాయవ్యమే కాబట్టి వాస్తు సిద్ధాంతికి పేచీ లేదు. పేచీ అంతా పరువుతోనే.

ఎదురింటాయన కూడా అదే నెలలో అలాంటి గదే మొదలుపెట్టాడు. ఆయన పిలిచిన ప్లంబర్ ఏది అడిగినా "అయితది సార్" అన్నాడు. ఆ మాట ఎంత చల్లగా ఉంటుందో ఇల్లు కట్టించినవాళ్లకు తెలుసు.

పెద్దాయనకు దొరికిన మేస్త్రి టైల్స్ డబ్బాల వైపు తలే తిప్పలేదు.

"చాంబర్ ఏడుంది సార్?"

గేటు లోపల మూత లేపి టేపు దించాడు. లెవల్ పైపులో నీళ్లు పోసి ఒక కొస గది దగ్గర, ఇంకో కొస చాంబర్ దగ్గర పట్టించాడు. పైపు వచ్చి కలవాల్సిన చోటు గది నేలకంటే 16 అంగుళాలే కింద ఉంది. అక్కణ్నుంచి వీధి మ్యాన్‌హోల్‌కి పోయే లైను లెవల్ కూడా అదే. దాన్ని ఇంకా దించే వీల్లేదు.

"నాలుగంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు వాలుండాలె సార్. మీ ఎనక మూల నుంచి ఈడిదాక 40 అడుగులున్నది. 16ల 12 పోతె మిగిలేది 4. పైపు లావే నాలుగంగుళాలు. ఇగ కమోడ్ కింద బెండు, నహానీ ట్రాప్ ఏడ కూసోవాలె?"

"వాలు జర తగ్గియ్యరాదా?"

"తగ్గియ్యొచ్చు. నీళ్లు పోతయ్, మిగిలింది పోదు."

"పోనీ, బాత్రూమ్ నేల లేపుదాం."

"లేపితె రెండు మెట్లయితది."

గుమ్మంలో కూర్చున్న ఆవిడ అప్పటిదాకా నోరు విప్పలేదు. "మెట్లెక్కలేకనే కద బిడ్డా ఈ గది కట్టిస్తున్నది" అంది.

మేస్త్రి గేటు వైపు చూపించాడు. బాత్రూమ్ ఈ మూలకు వస్తే దూరం 20 అడుగులు. వాలుకు 6 అంగుళాలు చాలు, 10 మిగులుతాయి, బెండూ ట్రాపూ నేల కిందే ఇముడుతాయి, గడప కూడా అక్కర్లేదు. పెద్దాయన ముఖం చిట్లించాడు.

"సార్, మార్కెట్ల పెట్టె కొన్నప్పుడు పై వరస చూసేటోళ్లా, అడుగు వరసనా?"

పెద్దాయన కాసేపు ఊరుకుని, వెనక మూలన గీసిన గీతను చెప్పుకాలితో చెరిపేశాడు.

ఎదురింట్లో పైపు నేల కింద ఇంచుమించు చదునుగా పడుకుంది. ఏడాది తిరక్కముందే అది పూడింది. ఖరీదైన టైల్స్ పగలగొట్టి చూస్తే, మలుపు దగ్గర నేరుగా తిప్పిన ఒకే బెండు. శుభ్రం చేసుకోవడానికి మూత ఉన్న బెండు ఎక్కడా లేదు.

నీతి: నేల కింద దాగే పనిని నీళ్లు చివరికి చేరే చోటు నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ రావాలి. కంటికి కనబడేది ఏదైనా ఆ తర్వాతే. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. మన పరువు, టైల్స్ రంగు నీటికి పట్టవు. చాంబర్ లోతు, దూరం, వాలు, ఈ మూడు తేలితే కమోడ్ ఎక్కడ పెట్టాలో అవే చెబుతాయి. వాలు మరీ ఎక్కువైనా చేటే: నీళ్లు ముందే జారిపోయి మిగతాది వెనకబడుతుంది. పైపు మలుపు తిరిగే చోట 90 డిగ్రీల ఒకే బెండుకు బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు వేయించండి. అది బేరమాడదగ్గ ఖర్చు కాదు.

ఊరి విషయంలోనూ ఇదే వరస. 1908 మూసీ వరద తర్వాత, 1909లో హైదరాబాద్‌కు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదను ఆపే జలాశయాలతో పాటు ఊరికి భూగర్భ మురుగు పారుదల పథకం కూడా సిద్ధం చేశారు. మురుగు మూసీ దిగువకు వెళ్లాలి కాబట్టే ఊరి శుద్ధి కేంద్రాల్లో ఒకటి అంబర్‌పేటలో ఉంది. మనం ఈ క్రమం మరిచి చెరువు కింద కాలనీలు వేసుకున్నాం. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి దిగువ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. వీధి లైను నిండితే మురుగు వెనక్కి తన్ని అన్నిటికంటే కిందున్న కమోడ్‌లోంచే బయటికొస్తుంది. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పడి వీధి ఎత్తు పెరిగిన మన సందుల్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే ఆ మేస్త్రి ఎదురు ప్రవాహాన్ని ఆపే వాల్వును చాంబర్లోనే, మూత తీస్తే చేతికందేటట్టు బిగించాడు.

కాంక్రీటు పోసే ముందు అతను ఇంకొకటి కూడా చేశాడు. పైపు కింది కొస మూసి, నిండా నీళ్లు పోసి రాత్రంతా ఉంచాడు. పొద్దున మట్టం తగ్గలేదని చూసుకున్నాక, గోడ నుంచి పైపు ఎంత దూరంలో ఉందో తెలిసేలా టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసి పెద్దాయన కొడుక్కి పంపాడు.