జల్లెడ పట్టాకే నాయకత్వం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట నల్గొండ క్రాస్‌రోడ్డు దాకా మెట్రో పిల్లర్ల వెంబడి నడిస్తే గోడల నిండా కోచింగ్ పోస్టర్లే. వాటి మధ్యలో ‘వ్యక్తిత్వ వికాసం’, ‘నాయకత్వ శిక్షణ’ అనే మాటలు కూడా కనిపిస్తుంటాయి. దేవరకొండ తండాల నుంచి, ఉట్నూరు, భద్రాచలం గూడేల నుంచి వచ్చిన మన పిల్లలు ఈ చుట్టుపక్కల గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నారు. రేపు వీళ్లే టీచర్లు, ఎస్సైలు, సర్పంచులు. నాయకత్వం నేర్చుకోవాలన్న వాళ్ల కోరిక మంచిదే. అయితే మా ప్రశ్న ఒక్కటే. నాయకుడంటే ముందుగా మాట్లాడేవాడా, ముందుగా వినేవాడా?

దీనికి జవాబు మన పెద్దల దగ్గరే ఉంది. సంత్ సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న పుట్టారని బంజారాల నమ్మకం. ఏటా ఆ రోజున తండాల్లో బెల్లం, నెయ్యితో భోగ్ పెట్టి జయంతి జరుపుకుంటాం. ఆయన మాటగా పెద్దలు చెబుతూ వచ్చిన బోధ చాలా చిన్నది: ముందు తెలుసుకో, తర్వాత జల్లెడ పట్టు, ఆ తర్వాతే నమ్ము. గుడ్డిగా నమ్మమని కాదు, పరీక్షించాకే నమ్మమని చెప్పిన బోధ ఇది.

ఈ మాట ఆశ్రమంలో కూర్చున్నవాళ్ల కోసం పుట్టింది కాదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని లదేణి తోలిన జాతి మాది. ముందు దారిలో నీళ్లున్నాయని ఎవరో అన్న మాట పట్టుకుని నాయక్ తండాను కదిలిస్తే, అక్కడ చెరువు ఎండిపోయి ఉంటే, పశువులూ పిల్లలూ ఏమవుతారు? అలాంటి బతుకులో మాటను జల్లెడ పట్టడం నాయకుడికి ధర్మం మాత్రమే కాదు, నలుగురి ప్రాణాలకు పూచీ. ఆధ్యాత్మిక జ్ఞానం అంటే మాకు తెలిసిన అర్థం ఇదే. మన మాట వల్ల ఎవరి మీద ఏ భారం పడుతుందో ఎరుక కలిగి ఉండటం.

మలక్‌పేట గంజ్‌కు మిర్చి తెచ్చిన రైతును అడిగి చూడండి. రంగు పోయి తెల్లబడిన తాలు కాయలను ఏరకుండా కుప్ప పోస్తే మంచి కాయకు కూడా ధర రాదు. మనసు కూడా అలాంటి కుప్పే. అందులో మనం చూసి తెలుసుకున్నవీ ఉంటాయి, ఎవరో అంటే అంటుకున్నవీ ఉంటాయి. రెండుసార్లు పరీక్ష పోయిన కుర్రవాడు ‘నేను పనికిరాను’ అనుకుంటాడు. ఆ మాట ఎక్కడిది? తను పుట్టించిందా, చిన్నప్పటి నుంచి ‘తండావాళ్లకు చదువెందుకు’ అన్నవాళ్లు నాటిందా? లెక్కల్లో వెనకబడ్డాను అన్నది తెలుసుకున్న నిజం. దాన్ని సాధనతో దిద్దుకోవచ్చు. పనికిరాను అన్నది తాలు. దాన్ని ఏరి పారేయాలి. ఎదుగుదల ఈ ఏరివేతతోనే మొదలవుతుంది.

తన మనసును ఏరుకోవడం వచ్చినవాడికి అసలు పరీక్ష నలుగురి మధ్య ఎదురవుతుంది. 2017 చివర్లో ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆదివాసీ, లంబాడీ వివాదం రాజుకున్నప్పటి నుంచి మన ఫోన్లలోకి ఎన్ని సందేశాలు వచ్చాయో లెక్క లేదు. ఒకే గదిలో ఒకే గిన్నెలో వండుకు తినే గోండు పిల్లవాడు, లంబాడీ పిల్లవాడు చెరో గ్రూపులో చెరో సందేశం చదివి ముఖాలు తిప్పుకున్న రోజులున్నాయి. ఇక్కడ సేవాలాల్ బోధ అక్కరకు రాకపోతే ఇంకెక్కడ వస్తుంది?

తెలుసుకోవడం అంటే లంబాడీలను తెలంగాణ ప్రాంతంలో ఎస్టీ జాబితాలో చేర్చిన 1976 సవరణ చట్టాన్ని స్వయంగా చదవడం. జల్లెడ పట్టడం అంటే ఎదుటివాడి బాధను అతని నోటితోనే వినడం. ఏజెన్సీలో భూమి, ఉద్యోగం తమకు దక్కడం లేదన్న గోండు, కోలాం బిడ్డల ఆవేదన నిజం. బ్రిటిష్ పాలనలో కొన్నిచోట్ల నేరస్తుల జాతి అన్న ముద్ర మోసి, కరువుకు వలసపోయి, ఇప్పుడిప్పుడే బడి మెట్లెక్కిన తండా బిడ్డల భయం కూడా నిజం. తీర్పు చెప్పడానికి కోర్టులున్నాయి, రాజ్యాంగం ఉంది. నాయకుడు కావాలనుకునేవాడి పని, ఆ తీర్పు వచ్చేలోగా గదిలో గిన్నె విడిపోకుండా చూడటం. ఇది పిరికితనం కాదా అని అడగవచ్చు. కాదు. విన్న తర్వాత కూడా తన వాదన తాను గట్టిగా చెప్పవచ్చు. కానీ వినకుండా అరిచేవాడి వెంట జనం పరుగెత్తగలరు గానీ బతకలేరు.

వినడం నుంచి ఎంత పని పుడుతుందో చెప్పడానికి మార్లవాయి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోలీసు కాల్పుల్లో అమరుడయ్యాక, గోండుల కష్టాలను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని, గోండి నేర్చుకుని, ఊళ్లు తిరిగి విన్నారు. ఆ తర్వాతే నివేదికలు రాశారు. గోండు యువకులనే పంతుళ్లుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం అదే మార్లవాయిలో మొదలైంది. బయటి నుంచి వచ్చినవాడు మన భాష నేర్చుకుని విన్నాడు. మనం మన పక్క మంచం మీదివాడి మాట వినలేమా?

ఇదే జల్లెడను మన సంప్రదాయానికి కూడా పట్టాలి. నాయక్, కార్‌భారి కూర్చుని అందరి ముందు తగువు తీర్చే నసాబ్‌లో ఒక గొప్పతనం ఉంది. మాట చాటున కాకుండా నలుగురి ఎదుట తేలుతుంది. ఇది మంచి కాయ. కానీ ఆ కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లు ఎందుకు లేరు? నాయక్ కొడుకే నాయక్ ఎందుకు కావాలి? ఇవి తాలు కాయలు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో ఎన్నో తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. సగం పదవులు ఆడవాళ్లవి. అయినా ఆమె సర్పంచ్ అయితే కుర్చీలో భర్త కూర్చునే ఊళ్లున్నాయి. పెద్దల పద్ధతి అని దీన్ని కాపాడితే పెద్దల బోధనే కాలదన్నినట్టు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. నాయకత్వం మీద ఉపన్యాసాలు తగ్గించండి. హాస్టల్లో పిల్లల మధ్య గొడవ వస్తే మీరే తీర్పు చెప్పేయకండి. వాళ్లనే గుండ్రంగా కూర్చోబెట్టండి. ఏం జరిగిందో ముందు ఇద్దరూ చెప్పాలి. తర్వాత ఒకరు చెప్పింది రెండోవారు తన మాటల్లో సరిగ్గా తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే ఎవరైనా ‘నా అభిప్రాయం’ అనాలి. వారానికి ఒక్కసారి చేసినా చాలు. గ్రామసభలో నిలబడే బిడ్డలు అక్కడే తయారవుతారు.

యువతకు మేం చెప్పేది ఇంకా చిన్నది. ఈ రాత్రి ఫోన్‌లో మనవాళ్లను ఎవరి మీదికో ఉసిగొల్పే మాట వస్తే, ముందుకు పంపే ముందు ఆ ‘ఎవరో’లలో ఒకరిని పిలిచి అడగండి. మన తండాల ప్రార్థనలో చీమకు కూడా మంచి జరగాలని కోరుకుంటాం. పక్క గూడెం బిడ్డకు చెడు జరిగే మాటను పంపిన వేలితో ఆ దండం పెట్టలేం.