జాగ్రత్త పేరుతో

ఆడపిల్లకి జాగ్రత్తలు చెప్పేవాళ్ళకి ఎప్పుడూ కొదవ లేదు. 2015లో ఒక సదస్సులో పత్రం చదవడానికి మొదటిసారి ఇంగ్లండు బయల్దేరినప్పుడు నా చుట్టూ అదే మాట. చీకటి పడ్డాక బయట తిరగొద్దంది అమ్మ. ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడొద్దంది పిన్ని. నా పరిశోధనకి గైడుగా ఉన్న మేడం మాత్రం ఒక కాగితం రాసిచ్చారు. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు రెండు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి వేరే సంచిలో పెట్టుకోవాలి. ప్రయాణ బీమా చేయించుకోవాలి. అక్కడి మన హైకమిషన్ నంబరు రాసుకోవాలి. డబ్బంతా ఒకేచోట దాచకూడదు. ఇంట్లోవాళ్ళు చెప్పినవి దాదాపు అన్నీ చేయకూడని పనులు. మేడం చెప్పినవి చాలావరకు చేసుకోవలసిన పనులు. ఆ తేడా నాకు నచ్చింది. దాని గురించి ఎక్కడైనా రాయాలని కూడా అనుకున్నాను.

శంషాబాద్ విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ క్యూకి ముందు అప్పట్లో ఒక కార్డు నింపాల్సి వచ్చేది. 2017లో దాన్ని తీసేశారు. నేను నింపుతుంటే ఒకమ్మాయి పక్కన వచ్చి నిలబడింది. "అక్కా, ఇది రోంత రాసిస్తావా?" అంది. కడప జిల్లా. కువైట్‌లో ఇంటిపనికి వెళ్తోంది. పాస్‌పోర్టు చూసి పుట్టిన తేదీ వేస్తుంటే ముప్ఫై ఒకటి దాటిన లెక్క వచ్చింది. ఆమె మొహం చూశాను. తనే చెప్పింది: "నాకు ఇరవైనాలుగేనక్కా. ముప్పై లేకుంటే పంపరంట. ఏజెంటే ఎక్కువేసి రాయించినాడు."

నాకప్పుడు ఇరవయ్యారు. నన్నెవరూ వయసు అడగలేదు.

గల్ఫ్‌తో సహా కొన్ని దేశాలకు పనికోసం వెళ్ళాలంటే, పదో తరగతి పాసవనివాళ్ళు 1983 నాటి వలసల చట్టం కింద ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి ముప్ఫై నిండితే తప్ప అప్పట్లో ఆ అనుమతి ఇచ్చేవారు కాదు. మగవాళ్ళకి ఆ షరతు లేదు. 2016లో మరో నియమం వచ్చింది. అలాంటి స్త్రీలని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. వీటి వెనక దురుద్దేశం ఉందని నేననను. జీతాలు ఎగ్గొట్టడం, కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, లైంగిక హింస అబద్ధాలు కావు. కానీ ఊళ్ళో అప్పు, పిల్లల ఆకలి ముప్ఫై నిండేదాకా ఆగవు. తలుపు మూస్తే ఆడవాళ్ళు ఆగిపోలేదు. విజిట్ వీసాల మీద, మార్చిన వయసుల మీద వెళ్ళారు. అలా వెళ్ళిన మనిషి ఆపదలో పడితే ఫిర్యాదు చేయడానికి కూడా జంకుతుంది, తన కాగితమే అబద్ధం కాబట్టి. రక్షించడానికి పెట్టిన నియమమే ఆమె నోరు నొక్కుతుంది. రాత్రిపూట బయటికి వెళ్ళొద్దన్న ఇంటి పెద్దరికానికీ దీనికీ పోలిక కనిపించడం లేదా?

ఇక్కడ నన్ను నేను తప్పించుకోలేను. అధికారికి చెబితే ఆమె అప్పుతో ఇంటికి తిరిగి వెళ్తుంది. చెప్పకపోతే ఏమవుతుందో తెలియని ఇంటికి వెళ్తుంది. ఈ రెంటి మధ్యా నలిగిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అంత ఆలోచించలేదు. తప్పుడు తేదీతోనే కార్డు నింపి ఇచ్చి, నా క్యూలోకి వెళ్ళిపోయాను.

ఆమె దగ్గర ఏజెంటు నంబరు రాసిన చిన్న చీటీ ఒకటి ఉంది. అంతే. పాస్‌పోర్టు నకలు లేదు. అసలుది దిగిన కాసేపటికే యజమాని బీరువాలోకి పోతుంది. ఇంటిపనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదని కువైట్ ఆ ఏడాదే చట్టం చేసింది. ఆమెకి ఆ సంగతి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. నా చేతిలో ఫోనుంది. కువైట్‌లో మన రాయబార కార్యాలయం నంబరు వెతికి ఆ చీటీ వెనక రాసివ్వడానికి రెండు నిమిషాలు చాలు. పాస్‌పోర్టు నంబరు వేరే కాగితం మీద రాసి, దాచుకోమనీ ఇంటికి కూడా చెప్పమనీ అనడానికి ఇంకో నిమిషం. ఆపడానికీ వదిలేయడానికీ మధ్య ఇంత చోటుందని నాకు తోచలేదు. మేడం రాసిచ్చిన కాగితం అప్పుడు నా సంచిలోనే ఉంది.

తోచకపోవడానికి కారణం ఏమిటని ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఆ జాగ్రత్తలు నా చదువుతోపాటు నాకు వచ్చిన ఆస్తి అనుకున్నాను. ఆమెకి కావలసింది జాలి అనుకున్నాను. సాటి స్త్రీ అనే మాట ఎన్ని వ్యాసాల్లో రాశానో! పదో తరగతి సర్టిఫికెట్ ఒక్కటే మా ఇద్దరినీ రెండు క్యూల్లో నిలబెట్టిందని ఆ వ్యాసాల్లో ఎక్కడా రాయలేదు.

మేడం చెప్పినట్టు తీసుకెళ్ళిన రెండో నకలు అవసరమే పడలేదు. మడత విప్పకుండానే తిరిగొచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆమె తిరిగొచ్చిందో లేదో నాకు తెలియదు. పేరు కూడా నేనే కార్డు మీద రాశాను. గుర్తు లేదు.