భుజములమీది పేరులు

శాసనసభ ఎన్నికలు సమీపించినప్పుడు మార్కాపురము, గిద్దలూరు, యర్రగొండపాలెము ప్రాంతములలోని మన పేటలలో అందరి నోట ఒకే ప్రశ్న వినవచ్చును: "మనవాడెవడు?" నిలుచున్నవారిలో మన కులమువాడెవడు, మన మండలమువాడెవడు, మన మంచిచెడ్డలు విచారించువాడెవడు అని ఎంచి చూతుము. ఈ ప్రశ్న పాపమైనది కాదు. బలహీనుడు తన పక్షమున మాటలాడు నోరొకటి కావలెనని కోరుట సహజమే. అయితే ప్రతినిధి యనగా ఎవడో దేవుని వాక్యమునుండి నేర్చుకొనిన తరువాత ఈ ప్రశ్నను మరియొక విధముగా అడుగవలసి వచ్చును.

నిర్గమకాండము 28వ అధ్యాయము తీసి చదువుడి. అహరోను పరిశుద్ధస్థలములోనికి పోవునప్పుడు ధరింపవలసిన వస్త్రములనుగూర్చి దేవుడు మోషేకు ఆజ్ఞాపించెను. ఏఫోదు భుజములమీద రెండు రత్నములు. ఒక్కొక్కదానిమీద ఆరేసి పేరులు. రొమ్ముమీది పతకములో పండ్రెండు రత్నములు. వాటిమీదను గోత్రముల పేరులే. అహరోను లేవి గోత్రికుడు. అయినను అతడు లోపలికి పోవునప్పుడు తనవారి పేరు మాత్రమే తీసికొని పోలేదు. రూబేను పేరును, దాను పేరును, చిన్నవాడైన బెన్యామీను పేరును మోసికొని పోయెను. భుజము బరువు మోయు చోటు. రొమ్ము ప్రేమించు చోటు. ప్రేమ లేక మోయువాడు జీతగాని వంటివాడు. ప్రేమించుచున్నానని చెప్పి మోయనివాడు వట్టి మాటకారి.

ఆ పేరులు చెక్కబడిన పేరులు. మార్కాపురము పలకల ఊరు గదా! పలకమీద వ్రాసినది తడిగుడ్డతో తుడిచిన పోవును. ఎన్నికల దినములలో మన పేట పేరు పలకమీద వ్రాసి, ఫలితములు వచ్చిన మరునాడు తుడిచివేయు నాయకులు ఏ పక్షమునందైనను కలరు. దేవుడు కోరినది రాతిమీద చెక్కబడిన పేరు.

మన ప్రాంతపు నాయకుడు మోయవలసిన బరువు ఏది? మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు పూర్వము కర్నూలు జిల్లాలోనివి. 1970లో క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేర్చబడెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడెను. హద్దులు మారినను దాహము మారలేదు. వానలు తక్కువ. అనేక గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు కలిసి పండ్లను మచ్చలుపరచి, ఎముకలను వంచివేసెను. శ్రీశైలము జలాశయమునుండి నల్లమల కొండలను తొలిచి నీరు తెచ్చుటకు తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగెను. నాలుగు లక్షల ఎకరములకు పైగా సాగునీరు, సుమారు 15 లక్షలమందికి త్రాగునీరు ఇచ్చుట దాని ఉద్దేశము. మొదటి సొరంగము 2021లోను, రెండవది 2024లోను త్రవ్వి ముగించిరి. ఈలోగా ఒక తరము గడచిపోయెను. ఆ ప్రాజెక్టుకు పూల సుబ్బయ్యగారి పేరు పెట్టబడినది. ఆయన ఈ ప్రాంతమునుండి శాసనసభకు వెళ్లిన కమ్యూనిస్టు నాయకుడు. మన విశ్వాసపు భాష ఆయన భాష కాదు. అయినను దాహముగొన్న ప్రాంతముతో ఆయన పేరు కలిసిపోయినది. "మనవాడెవడు?" అని అడుగువారు ఈ సంగతిని తలపోయవలెను.

ఆ నీరు నిలుపు జలాశయముక్రింద మునుగు గ్రామములును కలవు. నీరు త్రాగువారు అనేకులు, ఇల్లు విడుచువారు కొందరు. ఓట్లు మాత్రమే లెక్కించువాడు ఆ కొందరిని సులభముగా మరచును. వారి పేరులను కూడ మోయువాడే ప్రతినిధి.

కొద్దిమంది మరువబడుట సంఘములోను జరిగినది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో గ్రీకుభాష మాట్లాడు విధవరాండ్రు అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూడబడిరి. అప్పుడు సంఘమంతయు కూడి ఏడుగురిని ఏర్పరచుకొనెను. వారి పేరులు చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. అన్నియు గ్రీకు పేరులే! ఎవరు అన్యాయము పొందిరో వారి పక్షపు పేరులవారికే అందరి భోజనపు బల్ల అప్పగింపబడెను. ఎక్కువమంది తమ బలమును చూచుకొనక ఆలాగు చేసిరి.

యర్రగొండపాలెము నియోజకవర్గము 2009 ఎన్నికలనుండి షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడియున్నది. అక్కడ నిలుచువారు ఆ కులములవారు; ఓటు వేయువారు అన్ని కులములవారు. 1932లో గాంధీగారికిని అంబేడ్కరుగారికిని కుదిరిన పూనా ఒడంబడికనుండి వచ్చిన పద్ధతి ఇది. దీనిని కొందరు సణుగుచు సహింతురు. సంఘము ఏడుగురిని ఏర్పరచుకొనినట్లు సంతోషముతో చేసినయెడల ఎంత మేలు! ఎన్నికైనవాడును తనవారిని మరువకయే అందరి పేరులు మోయవలెను.

ఇక్కడ మన సంఘములకు బాధాకరమైన సంగతి ఒకటి కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులములను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి, క్రైస్తవులు చేర్చబడలేదు. మన రాష్ట్రములో ఆ కులములనుండి క్రీస్తును నమ్మినవారిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గములో లెక్కింతురు. కావున క్రీస్తును బహిరంగముగా ఒప్పుకొనిన మాలగాని మాదిగగాని యర్రగొండపాలెములో ఓటు వేయవచ్చును, అభ్యర్థిగా నిలువరాదు. బాప్తిస్మము పొందిన మాత్రమున ఊరివారు అతనిని వేరుగా చూచుట మానిరా? మానలేదు. అయినను చట్టము అతనిని వేరుగా లెక్కించుచున్నది. అందుచేత కొందరికి సంఘపు పుస్తకములో ఒక పేరు, సర్టిఫికెటులో మరియొక పేరు.

వారిని నిందించుట సులభము. పిల్లల చదువును, ఉద్యోగమును ఎదుట పెట్టుకొని నలిగిన తలిదండ్రుల బాధ నిందించువానికి తెలియదు. అయినను మనస్సాక్షిని రెండుగా చీల్చుకొని బ్రదుకుట క్షేమము కాదని వారికే తెలియును. న్యాయము మారవలెనని చట్టప్రకారము అడుగుట మన హక్కు, మన ధర్మము. సత్యము చెప్పి నష్టపడిన కుటుంబముయొక్క నష్టములో పాలు పంచుకొనుట సంఘముయొక్క ధర్మము. పాలు పంచుకొనని సంఘమునకు తీర్పు తీర్చు అధికారము లేదు.

"మనకు ప్రత్యేక స్థానములుండిన బాగుండెడిది" అని మీరనవచ్చును. ఒకప్పుడుండెను. 1935 నాటి చట్టము క్రింద మద్రాసు శాసనసభలో భారతీయ క్రైస్తవులకు 8 స్థానములు కలవు. వాటికి క్రైస్తవులే ఓటు వేసిరి. 1949లో రాజ్యాంగసభ మతమునుబట్టి స్థానములుంచు పద్ధతిని విడిచిపెట్టెను. ఆ సభకు ఉపాధ్యక్షుడు, క్రైస్తవుడైన హరేంద్ర కుమార్ ముఖర్జీగారు దానికి సమ్మతించిరి. అంతటినుండి మన పేరును ఇతరులు మోయవలెను, ఇతరుల పేరును మనము మోయవలెను. ఇది నష్టమని కొందరందురు. నేను దీనిని పిలుపు అందును.

ఏలయనగా ఓటు వేయు మీరును ప్రతినిధులే! 1935 నాటి చట్టము క్రింద ఆస్తియో, పన్నో, చదువో గలవారికే ఓటు. పరుల పొలములో పనిచేసిన మన తాతలలో అనేకులకు అది లేదు. 1951-52 ఎన్నికలలో వయస్సు వచ్చిన ప్రతి స్త్రీకిని పురుషునికిని అది వచ్చెను. నేడు 18 ఏండ్లు నిండని బిడ్డలకు ఓటు లేదు. కూలికై దూరదేశము పోయి రాలేనివాడు, మంచము దిగలేని ముసలితల్లి వేయలేకపోవచ్చును. పోలింగు గదిలో తెర చాటున మీరు ఒంటరిగా నిలుచునప్పుడు వారందరి పేరులు మీ భుజములమీద ఉన్నవి. అక్కడ పెద్దరైతుకు ఒక్క ఓటు, అతని పాలేరుకు ఒక్క ఓటు. మనుష్యుడెవడును చూడడు, దేవుడు చూచును.

కాబట్టి రాత్రివేళ నోటు తెచ్చి ఓటు కొనువానికి మీరు అమ్ముచున్నది మీ సొత్తు కాదు. మీ బిడ్డ త్రాగవలసిన నీటిని, పొరుగువాని బిడ్డ చదువవలసిన బడిని అమ్ముచున్నారు. అట్టి లంచము ఇచ్చుటయే గాక పుచ్చుకొనుటయు చట్టమునందు నేరమే. కులము పేరట, మతము పేరట ఓటు అడుగుటయు అవినీతియే. అందుచేత బోధకులారా, ప్రసంగవేదికను ఏ అభ్యర్థికిని అరువియ్యకుడి, అతడు క్రైస్తవుడైనను సరే.

"నా ఒక్క ఓటువలన ఏమగును?" అనువారికి గిద్దలూరు జవాబు చెప్పును. 2019లో అక్కడ గెలిచినవానికి ఆధిక్యము 81 వేలకు పైగా. 2024లో 973. నేల అదే, గ్రామములు అవే. ఏ ఓటుకు ఎంత బరువు కలదో వేయు దినమున ఎవనికిని తెలియదు. కావున ఫలితము లెక్కించుకొని నమ్మకముగా ఉండుట కాదు. నమ్మకముగా ఉండి ఫలితమును దేవునికి విడువవలెను.

ఎన్నికలు ముగిసిన తరువాత మీ పని ముగిసినదని తలంపకుడి. గెలిచినవానికి మీరు ఓటు వేయకపోయినను, వచ్చు ఆదివారము అతని పేరు చెప్పి ప్రార్థన చేయుడి. అర్జీ వ్రాసినప్పుడు మీ పేట కుళాయితోపాటు ప్రక్క పేట కుళాయినిగూర్చియు వ్రాయుడి. అతడు మరచినయెడల మర్యాదతో వెళ్లి జ్ఞాపకము చేయుడి. విధవరాలు న్యాయాధిపతియొద్దకు మాటిమాటికి వెళ్లినట్లు వెళ్లుడి.

ఇకమీదట "మనవాడెవడు?" అని అడుగునప్పుడు, "నేనెవరివాడను?" అనియు అడుగుడి. మన అందరి పేరులను తన హృదయముమీద ధరించి తండ్రి సన్నిధిని నిలిచియున్న గొప్ప ప్రధానయాజకుడు, పొరుగువాని పేరు మోయుటకు మనకును బలము దయచేయునుగాక. ఆమేన్.