బోర్డు మీద మృతుల సంఖ్య



మీరు హైవే మీద కారు నడుపుతున్నారనుకోండి. ఎదురుగా కరెంటు అక్షరాల బోర్డు: ఈ ఏడాది మన రోడ్లపై ఇంతమంది మరణించారు. వేగం తగ్గిస్తారా? తగ్గిస్తామనే అంటాం.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 2012 ఆగస్టు నుండి నెలకొక వారం ఈ సంఖ్యను చూపుతూ వచ్చింది. మన పిల్లలెందరో ఆ రోడ్లమీదే ఉద్యోగాలకు వెళ్తుంటారు. హాల్, మాడ్సెన్ అనే పరిశోధకులు ఆ వారాలను మిగతా వారాలతో పోల్చి, 2022లో 'సైన్స్' పత్రికలో ఫలితం ప్రకటించారు. బోర్డు దాటాక 10 కిలోమీటర్లలో ప్రమాదాలు 4.5 శాతం పెరిగాయట! సంఖ్య పెద్దదైన కొద్దీ కీడూ పెరిగింది. మనసు ఆ చావుల దగ్గరే చిక్కుకుని, ముందున్న బండిని గమనించదని వారి ఊహ.

బోర్డు పెట్టినవారు అబద్ధమాడలేదు. ఉద్దేశమూ మంచిదే. ఫలితం తెలియక మునుపు వారిని తప్పుపట్టలేను. తెలిశాక కూడా పెడితే అది వేరే సంగతి. మితమైన భయం పనిని శ్రద్ధగా చేయిస్తుందనీ, మితిమీరితే బుద్ధిని కలవరపెడుతుందనీ పునీత తోమా అక్వినాసు ఏనాడో అన్నారు. (చావును గూర్చి ఏళ్ల తరబడి ప్రసంగిస్తున్న నాకూ ఇది గుచ్చుకుంది.) 'నీ వేగం ఇంత' అని చూపే బోర్డు దగ్గరైతే జనం నిజంగానే నెమ్మదిస్తారు. అది కాలితో అప్పటికప్పుడు సరిదిద్దుకోగల సంగతి.

మీ అబ్బాయి మోటారుసైకిలు తీస్తుంటే, గుమ్మంలో నిలబడి మొన్న పోయిన కుర్రవాడి కథ ఎత్తుతారు. నిజమే చెబుతున్నారు, కాని ఆ సమయంలోనా? అది రాత్రి అన్నాల దగ్గర చెప్పండి. గుమ్మంలో హెల్మెట్ చేతికందిస్తే చాలదా?