వాచీకి తెలియని నిజం

ఎవరూ కనిపెట్టలేని అబద్ధం కూడా అబద్ధమేనా? ఈ ప్రశ్న నాకు ఒక వాచీ వల్ల వచ్చింది.

మా అన్న తన పాత గార్మిన్ వాచీ నాకిచ్చి, "రోజూ మూడు కిలోమీటర్లు పరుగెత్తరా, ఆదివారం చూస్తాను" అన్నాడు. యూఎస్‌బీ కేబులుతో కంప్యూటరుకు తగిలిస్తే ఆ వాచీ పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది. లోపల యాక్టివిటీ అనే ఫోల్డరులో ఒక్కో పరుగుకు ఒక్కో ఫిట్ ఫైలు ఉంటుంది. ఎంత దూరం, ఏ దారి, ఎంతసేపు, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది, అన్నీ అందులో ఉంటాయి.

ఒకరోజు బద్ధకమేసి వాచీని తమ్ముడి చేతికి కట్టి పంపాను. ఆదివారం అన్న ఫైళ్లన్నీ చూసి, "శభాష్, మాట నిలబెట్టుకున్నావ్!" అన్నాడు. పక్కనే ఉన్న తమ్ముడు నావైపు చూసి తల దించుకున్నాడు. నాకు అన్నం సయించలేదు.

ఉపగ్రహాల సంకేతాలతో వాచీ దారిని గుర్తిస్తుంది గానీ, పరుగెత్తిన కాళ్లు ఎవరివో దానికి తెలియదు. ఫైలులో ఉన్నదంతా నిజమే. నేను నోరు మెదపకపోవడమే అబద్ధం. పైగా దాన్ని తమ్ముడికీ నేర్పుతున్నాను. రాత్రి అన్నకు చెప్పేశాను. అన్న తిట్టలేదు. "అయితే ఆ శభాష్ వాడికి చెప్పు" అన్నాడు.

లెక్క యంత్రం రాస్తుంది. అది ఎవరి లెక్కో చెప్పాల్సింది మనమే.